తపాలోడి బావిలో సైకిల్ గంట

ఈ ఊరి నుంచి పడమరకు పోయే పాత బండ్లబాటలో, ఇక్కడికి సరిగ్గా నాలుగు మైళ్ళ దూరాన, ఒక దిగుడుబావి ఉంది. దాన్ని తపాలోడి బావి అంటారు. మేకలు తోలేవాళ్ళు కూడా చుట్టు తిరిగి పోతారే తప్ప దాని గట్టు తొక్కరు. మీరు రేపు పొద్దున ఆ బాటనే పోదామనుకుంటున్నారనీ, తారురోడ్డు కంటే ఆరు కిలోమీటర్లు కలిసొస్తుందని మీ ఫోను చెప్పిందనీ ఇందాక మీలో ఒకబ్బాయి అన్నాడు. దూరం వరకు ఫోను చెప్పింది నిజమే. మిగతాది నేను చెబుతాను. సైకిళ్ళు గోడకు ఆనించి, ఆ నెత్తిమీది చిప్పలు తీసి పక్కన పెట్టి, అరుగు మీద కూర్చోండి. టీ వస్తోంది.

ముందుగా ఒక మాట. నేను ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పినవాణ్ణి. ఎవరైనా ఒక సంగతి చెబితే, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు అని అడగడం నాకు అలవాటు. ఆ అలవాటు వల్ల మా ఇంట్లో నాతో ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు, అది వేరే సంగతి. ఒకే ఒక్కసారి అడగవలసిన చోట అడగలేదు. ఈ కథ అంతా దాని గురించే.

కుంఫిణీ రోజుల్లో, రైలు రాకముందు, ఉత్తరాల సంచీ భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం పట్టుకుని, మజిలీ నుంచి మజిలీకి పరుగెత్తే మనుషులు ఉండేవారు. గజ్జెలు ఎందుకు? దారిలో పులీ పామూ తప్పుకోవడానికి, తర్వాతి మజిలీలో నడుం వాల్చినవాడు లేచి సిద్ధం కావడానికి. ఇంతవరకు చరిత్ర. అలాంటివాడొకడు దప్పికై ఈ బావిలో దిగి, జారిపడి పోయాడనీ, సంచీ అందించలేదన్న దిగులుతో ఇప్పటికీ గజ్జెలు మోగిస్తుంటాడనీ, ఆ మోత విని ఎవడైనా ఆగితే సంచీ వాడి భుజానికెక్కుతుందనీ, ఇక వాడు జన్మంతా పరుగెత్తవలసిందేననీ ఊళ్ళో చెప్పుకుంటారు. ఇది చరిత్ర కాదు. ఎవరు చూశారంటే ఎవరి తాతో చూశాడంటారు, ఏ సంవత్సరమంటే కరువొచ్చిన సంవత్సరమంటారు. మాకు కరువు రాని సంవత్సరమేదో చెబితే లెక్క తేలుతుంది గాని.

ఇక మా సంగతి. అది డెబ్బై నాలుగో సంవత్సరం, ఫాల్గుణం, ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. మేం ముగ్గురం. నేనొకణ్ణి. సైకిల్ షాపు కాశిం ఒకడు, చెయిను శబ్దం విని అది ఏ షాపులో కొన్నదో చెప్పగలిగేవాడు. మూడోవాడు పశువుల ఆస్పత్రి కాంపౌండరు యోగయ్య. నెమ్మదైన మనిషి, ఎప్పుడూ అందరికన్నా వెనకే తొక్కేవాడు, కాని తొక్కడం మానేవాడు కాడు. ఆదివారం ఆదివారం పొద్దున్నే బయలుదేరి ముప్పై మైళ్ళు పోయి, ముప్పై మైళ్ళు తిరిగి వచ్చేవాళ్ళం. ఏ పనీ లేదు, ఊరికే. దారిలో పొలాలవాళ్ళు ఎక్కడికి అయ్యోరూ అని అడిగేవాళ్ళు. ఎక్కడికీ కాదు, అలా వెళ్ళి వస్తాం అనేవాణ్ణి. వెళ్ళి మళ్ళీ ఇక్కడికే వచ్చేటట్టయితే ఇంటికాడే ఉంటే పోలా అనేవాళ్ళు. ఏం నవ్వుతున్నారు? మిమ్మల్నీ అడుగుతున్నారా?

ముగ్గురూ వరసగా పోయేటప్పుడు మాటిమాటికి వెనక్కి తిరిగితే హేండిలు పక్కకు పోతుంది కదా, అందుకని కాశిం గంటలతో ఒక పద్ధతి పెట్టాడు. ఒక్క మోత అంటే వెనకే ఉన్నానని. రెండు మోతలంటే నెమ్మదిగా పొమ్మని. రెండు మోతలు కొట్టి, కాస్త ఆగి ఇంకొకటి కొడితే, పంచరు పడింది, ఆగండి అని. దీన్ని గుర్తు పెట్టుకోండి.

ఆ ఆదివారం ఈ పాత బాటనే బావి దాటి ఇంకా తొమ్మిది మైళ్ళు పోయాం. అక్కడొక పాడుపడిన మంటపం, దాని స్తంభం మీద ఒక శాసనం. పదకొండింటికి చేరితే పన్నెండింటికి కూడా నేను అరిగిన అక్షరాలు తేలడానికి వాటి మీద సున్నం రాసుకుంటూ కూర్చున్నాను. యోగయ్యకు విసుగొచ్చింది. మీరు రాళ్ళు చదువుకుంటూ ఉండండి అయ్యోరూ, నేను నెమ్మదిగా ముందు పోతుంటా, ఎట్లాగూ మీరు నన్ను అందుకుంటారుగా అని చెప్పి బయలుదేరాడు. నేను తలెత్తి చూడనైనా లేదు. అరగంటలో వస్తామన్నాను. శాసనం పూర్తయ్యేసరికి నా గడియారంలో రెండున్నర.

తిరుగుదారిలో, బావి ఇంకో మైలు ఉందనగా, ఎదురుగా ఒక ఎద్దుల బండి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. తోలేవాడు బాలకోటయ్య, కట్టెల కోసం అడవికి పోతున్నవాడు. మమ్మల్ని చూసి బండి ఆపి, అటు పోవద్దు అయ్యోరూ, పట్టపగలే తపాలోడు లేచినాడు, అరుస్తా ఉన్నాడు, గంట గూడా కొడతా ఉన్నాడు అన్నాడు. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు. నేనేం చేశాను? సైకిల్ మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి, అతనికి పాఠం చెప్పాను. తపాలా మజిలీలు ఈ బాటన లేనేలేవని, అవి కొండకు అవతలి పక్కన ఉండేవని, కాబట్టి ఇక్కడ తపాలోడు చచ్చే అవకాశమే లేదని, పది నిమిషాలు విడమరిచాను. పాపం, చేతులు కట్టుకుని విన్నాడు. చివరికి, మరి వాడికి ఈ సంగతి తెలీదేమో అయ్యోరూ అని బండి అదిలించుకుని పోయాడు.

బావి దగ్గరికి వచ్చాం. గాలి లేదు, మనిషి లేడు, తెల్లటి ఎండ. గట్టు పక్కగా పోతుండగా భూమిలోంచి మోత వినిపించింది. బావికి పది గజాల లోపే ఉన్నాం, సందేహం లేదు, కిందనుంచే. రెండుసార్లు మోగి ఆగింది. మళ్ళీ ఒక్కసారి మోగింది. దాని వెంట ఒక మూలుగు, రాతి గోడలకు కొట్టుకుని, ఎవరి గొంతూ కాని గొంతయి పైకి వచ్చింది. కాశిం నా వైపు చూశాడు, నేనేమైనా చెబుతానని. నేను సైకిల్ వెనక్కి తిప్పాను. పది నిమిషాల కిందట అంత పాఠం చెప్పినవాణ్ణి, పంచె చెయినులో పడి చిరుగుతున్నా ఆగకుండా, కాశిం కంటే ముందు పరుగు తీశాను. యాభై ఏళ్ళయింది. ఆ మోత ఇప్పటికీ చెవిలో ఉంది.

మైలున్నర తొక్కి బాలకోటయ్య బండిని అందుకున్నాం. అతను చిన్నగా ఒక్క నవ్వు నవ్వి, తాగుతారా అని నీళ్ళ కుండ చూపించాడు. నీళ్ళు తాగాను. ఊపిరి సర్దుకుంది. అప్పుడు, అరగంట ఆలస్యంగా, నా అలవాటు నాకు తిరిగొచ్చింది. ఏమయ్యా, అరుస్తున్నాడన్నావే, ఏమని అరిచాడు అని అడిగాను.

పైకి తియ్యండి, పైకి తియ్యండి అని అరిచినాడు అన్నాడు.

ఇంకా?

నేను పశువుల కాంపౌండర్ని రా నాయనా అన్నాడు. దెయ్యాలకు వేషాలు తక్కువా అయ్యోరూ, అందుకే ఎద్దుల్ని అదిలించినా.

కాశిం మొహం చూడాలి మీరు. వేళ్ళతో గాలిలో కొట్టి చూసుకున్నాడు, రెండు, ఒకటి, రెండు, ఒకటి. ఆ గంటకు స్ప్రింగు వదులు, మొన్న నేనే బిగించినా అయ్యోరూ, విని కూడా పరుగెత్తినా అన్నాడు. వాడికంటే ముందు పరుగెత్తినవాడితో ఆ మాట అంటున్నాడు.

మళ్ళీ వెనక్కి. ఈసారి బండి కూడా వచ్చింది, ఎందుకంటే కట్టెలు కట్టే పగ్గాలు అతని దగ్గరున్నాయి. రానన్నాడు గాని, ఆ మనిషి లోపల చస్తే నిజంగా దెయ్యమై నీ బండే ఎక్కుతాడని చెప్పాను. అది చరిత్ర కాదు, ఒప్పుకుంటాను.

గట్టెక్కి లోపలికి చూస్తే, పై మెట్లు ఇరవై బాగానే ఉన్నాయి, కింద ఎనిమిదడుగుల మేర మెట్లు కూలిపోయి ఉన్నాయి. అడుగున మొలలోతు పచ్చటి నీళ్ళలో, గోడకు ఆనుకుని యోగయ్య. సైకిల్ అడ్డంగా అతని మీద. ఒక చేయి గంట మీద, ఒక చేయి నీళ్ళలో. గొంతు పోయింది, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

కాశిం పగ్గం నడుముకు కట్టుకుని దిగాడు. యోగయ్యను చంకల కింద కట్టాడు, ఎద్దులు లాగాయి, మేమిద్దరం పట్టుకున్నాం. పైకి తీసి ఎండలో పడుకోబెడితే చీలమండ వాచి గుమ్మడికాయంత అయింది, మనిషి వణుకుతున్నాడు. బాలకోటయ్య వంగి చూసి, ఓరి దేవుడా, మా ఎర్రెద్దుకు కడుపుబ్బితే మందు పోసింది ఈయనే గదా అన్నాడు. ఆ ఎర్రెద్దే లాగింది. అప్పుడు, నేను చెప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు, గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. బతికే ఉన్నాడు కదా. ఏ స్తంభం మీద ఏ రాజు పేరుంటే ఏం.

ఇంతకూ ఎందుకు దిగాడు? దప్పికై కాదు. పంచరు పడింది. ట్యూబులో గాలి ఎక్కడ పోతోందో తెలియాలంటే నీళ్ళలో ముంచి బుడగలు చూడాలి కదా. ఎవరి పంచరు సామాను వాళ్ళ దగ్గరుండేది గాని, ఆ ఎండల్లో నీళ్ళు ఈ బావిలో తప్ప లేవు. చక్రం ఊడదీయడం ఎందుకని, టైరులోంచి ట్యూబు పైకి లాగి, మొత్తం సైకిలునే భుజాన వేసుకుని మెట్లు దిగాడు. సైకిల్ పిచ్చి ఉన్నవాడు తప్ప లోకంలో ఎవడైనా ఆ పని చేస్తాడా? రాయి కదిలింది. రెండున్నర గంటలు లోపలున్నాడు, ముగ్గురు మేకల కాపర్లు, ఒక బండి, చివరికి ఇద్దరు ప్రాణస్నేహితులు, అతని అరుపు వినీ గంట వినీ పారిపోయారు. మా పరుగు చప్పుడు కూడా విన్నాడట.

కాస్త మజ్జిగ తాగాక గొంతు పెగిలింది. మమ్మల్ని తిడతాడనుకున్నాను. కాశిం చెయ్యి పట్టుకుని, వాల్వుకు రెండంగుళాల పక్కన, తుమ్మముల్లు, నేను వేలు తియ్యలేదు అన్నాడు. చూస్తే నిజమే, ఎడమచేతి వేలు నాని తెల్లబడిపోయింది. సైకిల్‌తో నీళ్ళలో పడగానే బుడగలు వచ్చిన చోటు మళ్ళీ వెతకాల్సి వస్తుందని, అప్పటి నుంచి ఆ చిల్లు మీద వేలు పెట్టుకునే ఉన్నాడు. అప్పుడు నవ్వాం. ముగ్గురమూ, బండివాడూ, కడుపు పట్టుకుని నవ్వాం.

యోగయ్య రెండు నెలల్లో నడిచాడు, నాలుగు నెలల్లో మళ్ళీ సైకిలెక్కాడు, ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా బతికి, మనవరాలికి సైకిల్ నేర్పి, ఇంట్లో మంచం మీద పోయాడు. బాగున్నప్పుడే ఒకసారి బస్సులో పోతుంటే పక్క సీటులో మనిషి చెప్పాడట, తపాలోడి బావిలో దెయ్యం ఈమధ్య సైకిల్ కొనుక్కుందనీ, కాంపౌండరులాగా మాట్లాడి మనుషుల్ని పిలుస్తుందనీ. ఎవరు చూశారని యోగయ్య అడిగితే, ఒక చరిత్ర అయ్యవారు చూసి పరుగెత్తాడట, చదువుకున్నవాడు ఊరికే పరుగెత్తుతాడా అన్నాడట. చూశారా, దెయ్యానికి సాక్ష్యం ఎక్కడ దొరికిందో.

టీ చల్లారుతోంది, తాగండి. రేపు తారురోడ్డునే పోండి, ఆరు కిలోమీటర్లకు మీ కాళ్ళేం అరిగిపోవు. ఎక్కడికి పోయినా ఒక్కణ్ణి ముందు పంపకండి. ఆ బావికి మెట్లు నేటికీ కట్టలేదు, తుమ్మచెట్లు అప్పటికంటే ఎక్కువున్నాయి. లోపల దెయ్యం లేదని నేను పూచీ పడతాను. కాని మీలో ఎవరైనా అందులో పడి అరిస్తే, పైన పోయేవాడు ఆగి మీ పేరు అడుగుతాడని మాత్రం పూచీ పడలేను. నేనే ఆగలేదు. అటు వెళ్ళకండి.