చొక్కాలకు సరిపడా పిల్లలు

మా మామగారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే దర్జీ. ఆయన మిషన్ కంటే నోరే వేగంగా నడుస్తుందని పెళ్ళికి ముందే ఆయన కూతురు చెప్పింది. నేనే నమ్మలేదు, నా ఖర్మ.

ఇవాళ బడిలో పిల్లల్ని చేర్చడానికి ఆఖరి రోజు. ఒకటో తరగతికి సరిపడా పిల్లలు రాకపోతే ఈ బడిని మూసేసి పక్క ఊరి బడిలో కలిపేస్తారట. అందుకే గేటు ఎదురుగా టీ కొట్లో కూర్చుని అటే చూస్తున్నాం: కొట్టు నడిపే అక్క, బడి పిల్లల్ని తిప్పే ఆటో అన్న, నేను, మామగారు. పొద్దుట్నుంచీ ఆ గేటు దాటి లోపలికెళ్ళింది ఒక్క కుక్క. అదీ నచ్చక బయటికొచ్చేసింది.

"ఇలాంటివెన్ని చూడలేదు!" అని మొదలుపెట్టారు మామగారు. "నేనీ ఊరొచ్చిన కొత్తలో పాతిక చొక్కాలు కుట్టమన్నారు. గుడ్డ రెండు మడతలేసి కొయ్యాలి కదా, కుర్రతనం, నాలుగు మడతలేసి కత్తెర ఆడించేశా. యాభై చొక్కాలొచ్చాయి!"

"రెట్టింపు గుడ్డ ఎక్కడిది బాబాయ్?" అన్నాడు ఆటో అన్న.

"మధ్యలో అడ్డు తగలకు. చొక్కాలు యాభై, పిల్లలు పాతిక. బంగారంలాంటి చొక్కాలు వృథా అయిపోతాయని ఊరు ఊరంతా బెంగపడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడాది తిరిగేసరికి ఇంటింటా ఉయ్యాల!"

"పురిటి పిల్లలకి బడి చొక్కాలేంటి?" అంది అక్క.

"చొక్కా చూపిస్తే చాలు, జానెడు సాగేవాళ్ళమ్మా! పిల్లలకి పాలు కావాలి, పాల కొట్టొచ్చింది. చెప్పులరిగాయి, చెప్పుల కొట్టొచ్చింది. అప్పుడు నేను చొక్కాకి జేబు పెట్టా, అక్కడుంది కిటుకు. జేబు ఖాళీగా ఉంటే బావుండదు కదా, డబ్బు కావాలి, డబ్బుకి పని కావాలి, దాంతో ఫ్యాక్టరీ తనంతట తనే నడుచుకుంటూ వచ్చి ఊరి చివర కూర్చుంది. రెండో జేబు పెడితే రైల్వే స్టేషన్! మూడో జేబు పెట్టబోతుంటే ఊరి పెద్దలొచ్చి నా చేతులు పట్టుకున్నారు. 'ఆపవయ్యా బాబూ, జనం ఎక్కువై పని చాలట్లేదు, ఒక్కో కుర్చీలో ముగ్గురు గుమాస్తాలు కూర్చుంటున్నారు, కుళాయి దగ్గర మన వరస పక్క ఊరి దాకా పోతే వాళ్ళు దానికి అద్దె అడుగుతున్నారు' అని. పోనీలే అని ఒక జేబు విప్పేశా. తెల్లారేసరికి అంతా సర్దుకుంది."

"ఆ స్టేషనేది బాబాయ్, నేనెప్పుడూ చూళ్ళేదే?" అంది అక్క.

"జేబు విప్పేశా కదమ్మా, పోయింది."

అందరం నవ్వాం. నవ్వుతూనే గేటు వైపు చూశాం. ఎవరూ రాలేదు. ఈ ఏడాది తిప్పడానికి పిల్లల్లేకపోతే బండి అమ్మేయడమేనని ఆటో అన్న గొణిగాడు. అక్క పొయ్యి మంట తగ్గించింది.

"కంగారెందుకు?" అన్నారు మామగారు, మెడలో టేపుని వేలికి చుట్టి విప్పి మళ్ళీ చుట్టుకుంటూ. "ఈ ఏడు కూడా నలభై చొక్కాలు కోసి పెట్టా. పిల్లలు వాళ్ళే వస్తారు."

నా నోరు ఊరుకోదు కదా. "మామయ్యా, ఆ నలభైలో మా రెండోదానికి ఒకటి ఉందా?"

"నీకు రెండోదెక్కడిది?"

"అదే అడుగుతున్నా. ఇంకొకర్ని కందామనుకుంటే, 'ఒక్కడితో ఆపండి, ఈ ధరల్లో ఇద్దర్ని ఏం పెట్టి చదివిస్తారు' అన్నది మీరే కదా?"

మామగారి వేలు మీద టేపు ఆగిపోయింది.

"మా ఇంట్లోనూ అదే మాట," అన్నాడు ఆటో అన్న, మెల్లగా.

"నా కూతురికి నేనూ అదే చెప్పా," అంది అక్క.

ఎదురుగా గంట మోగింది. ఆయా వచ్చి గేటు మూసింది. మామగారు ఆ గేటు కేసే చూస్తూ, నాకు మాత్రమే వినపడేలా అన్నారు:

"ఊరంతా నా మాటే వింటుందని నాకేం తెలుసు అల్లుడూ?"