ఆదిమానవుడి నడుము

ఆదిమానవుడు నడుము వంచి, చేతులు వేలాడేసుకుని నడిచేవాడని పుత్తూరులో అందరికీ తెలుసు. పాత పాఠ్యపుస్తకంలో బొమ్మ కూడా ఉంది. బడి వార్షికోత్సవంలో ఆ వేషం కట్టవలసిన విశ్రాంత సైన్సు మాస్టారు మాత్రం, నడుముకు పుత్తూరు కట్టుతో, నిట్టరాడులా నిలబడి ఉన్నాడు. ఎదురుగా, ఆ బొమ్మ పట్టుకుని, నాటకం ఆడిస్తున్న బావమరిది.

"వంగు బావా, రవంత వంగు."

"వంగితే నాటకంతో పాటు నేనూ ముగిసిపోతాను. మామిడిచెట్టు మీంచి పడినాను గదరా, మొన్ననే కట్టినారు."

"డెబ్బై దగ్గరపడినోడివి చెట్టెందుకెక్కినావు? మన మూలం మర్చిపోకూడదనా?"

"ఎగతాళి చాలు. ఈ వేషం కోసరమే గడ్డం పెంచినాను. నిటారుగానే నడుస్తా."

"అట్ల నడిస్తే పెళ్లికి బయల్దేరిన పెద్దమనిషంటారు. వేషం మన టైలరు సలావుద్దీన్ భాయ్‌కి ఇచ్చేస్తా. ఆయన నడుము బాగుండాది."

మాస్టారు గడ్డం తడుముకున్నాడు.

"ఆ బొమ్మ యాడిదిరా? ఫ్రాన్సు గుహలో దొరికిన ఎముకల్ని సూసి ఊహించిందే గదా?"

"మరి శిలాజం సాక్ష్యం గాదా? సాక్ష్యం లేంది నమ్మొద్దని సెప్పేది నువ్వే."

"సాక్ష్యాన్ని సాంతం సూడమని గూడా సెప్తా. ఆ ఎముకల్ని తర్వాత పండితులు మళ్లా పరీక్ష చేసినారు."

"చేస్తే?"

"ఆ జాతోళ్లు మనలాగే నిటారుగా నడిచినారు. నీ బొమ్మలో ఉండేది, వెన్నుకు కీళ్లవాతం పట్టిన ముసలాయన."