నాన్న కాగితంలో లీవ్

వరద నీళ్ళు చర్చి గంట తాడును అందుకున్న ఏడాది అది. కగాయన్ నది మీద బల్లకట్టు రేవులో మా అన్న ఫెర్మిన్, నేను కూర్చున్నాం.

"మళ్ళీ చదువన్నా."

"ఎన్నిసార్లురా దమాసో? పదకొండేళ్ళ కిందటే చదివి చెప్పానుగా. ఇంకా దాచావా ఈ ఇంగ్లీషు కాగితం?"

"నాన్న సంతకం ఉందని దాచాను. నా పేరు దగ్గర ఏముందో చదువు."

"లీవ్."

"అంటే?"

"పొమ్మని. నీకు తెలీదా? రంపం మిల్లులో అమెరికా దొర పొద్దస్తమానం అదేగా అరిచేవాడు, లీవ్, లీవ్ అని."

"అందుకేగా నమ్మాను. దమాసో రేవు వదిలి పోవాలి అని నువ్వు చదివావు. ఆ మాట నేనూ ఎరిగిందేగా. మూట కట్టుకుని పోయాను."

"అయిపోయిన సంగతి. చేప తిను, చల్లారిపోతోంది."

"మొన్న బడి కప్పు ఆకుతో నేశాను. పైన నేను, కింద పంతులమ్మ పాఠం."

"ఈ వయసులో నీకు చదువా!"

"లీవ్ అంటే పోవడం అంది. విడిచిపెట్టడం అంది. సెలవు కూడా అదేనంది. ఇంకోటి చెప్పింది. చేతిలో ఆకు పడేసి నిచ్చెన దిగాను."

"ఏం చెప్పిందేంటి?"

"నువ్వే చెప్పు."

"నేనేమన్నా పంతులమ్మనా?"

"పోయేవాడు తన వెనక ఎవరికైనా ఆస్తి ఇచ్చిపోతే దాన్నీ లీవ్ అంటారట. కాగితం చూపించాను. రేవు, బల్లకట్టు నా కొడుకు దమాసోకి ఇచ్చిపోతున్నాను. అంతే ఉందట."

"ఒక్క మాటకి అన్ని అర్థాలుంటే నేనేం చేసేదిరా? నాకొచ్చింది చెప్పాను. తప్పు చదివానేమో."

"తప్పు చదివావు. సరే."

"అంతేరా. చెరకు సారా పోస్తానుండు..."

"నాన్నకి ఇంగ్లీషు వచ్చుగా."

"ఆ... దొరలకి పదేళ్ళు వండిపెట్టాడు. రాకేం?"

"నువ్వు చదివినప్పుడు పక్కన మంచంలోనే ఉన్నాడు. నోరు పడిపోయింది గాని చెవులు పనిచేస్తూనే ఉన్నాయి."

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నావంక చూశాడు. చేత్తో మంచం పట్టె కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. ఎందుకన్నా అని నిన్నడిగాను."

"గుర్తులేదు."

"నాకుంది. నీ నోటితో చెప్పు."

"దమాసో..."

"చెప్పు."

"'ఇంకా నిలబడ్డావేంట్రా, తొందరగా పొమ్మంటున్నాడు' అన్నాను."

మర్నాడు పొద్దున గొలుసు విప్పి బల్లకట్టు నేనే తోశాను. సంతకు పోయేవాళ్ళంతా అప్పటికే ఎక్కారు. అన్న కూడా గంప పట్టుకుని మోకాలి లోతు నీళ్ళ దాకా వచ్చాడు. అతన్ని ఒడ్డునే వదిలేశాను.