చొట్ట ఏ వైపు?

కార్తాగో ఊళ్ళో ఇన్సూరెన్స్ ఆఫీసు బయట, నా పక్క బెంచీ మీద మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు.

“గుద్దుకున్నాక ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా కార్లు కదపకూడదు కదే! మధ్యాహ్నమంతా వానలో అక్కడే ఆగిపోయాం.”

“ఆ రెండో కారు నడిపిన జర్మన్ పిల్లని మన కార్లో కూర్చోబెట్టుకునా?”

“పాపం, కిందికి దిగి తడిసిపోతోంది.”

“మరి మా అమ్మకిమ్మని అరిటాకుల్లో చుట్టి నీతో పంపిన మొక్కజొన్న తమాలెలు?”

“ఆకలేస్తోందంది.”

“నాకెప్పుడైనా ఇంత జాలి చూపించావా? సరే, క్లెయిముకి తీసిన ఫోటోలు చూపించు. ఛీ, అన్నిట్లోనూ అదే నవ్వుతోంది!”

“వెనక మన కారు కూడా ఉంది, చూడు.”

“చూస్తున్నా. అదే వెనకనుంచొచ్చి గుద్దిందన్నావు. మరి చొట్ట మన కారు ముందు పడిందేం?”

“అదీ... రోడ్డు తడిగా ఉండి...”

“ఈ ఫోటోలే లోపల ఇవ్వు. రోడ్డు మానేసి ఎటు చూస్తూ పోయి గుద్దావో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.”