టోలు గేటు పడకముందు వంతెన దాటిన పర్వతాలు

ఈ ముచ్చట నాకు మొదలు చెప్పింది ఇస్రాయేలు. జడ్చర్ల బస్టాండు ఎనుక చాయ హోటలు ఆయనదే, ఆ పొద్దు అందరికి చాయ పోసింది ఆయనే, కాబట్టి ఆయన మాటనే నేను పట్టుకుంట. వీరేశం ఇంకో తీరుగ చెప్తడట. చెప్పనియ్యి. మా రెండిండ్ల నడిమి గోడ పంచాయితీల నా మొహం మీదనే అబద్ధమాడిన మనిషి, వాని సాక్ష్యం నాకక్కెర లేదు.

ఆ పొద్దు శ్రీశైలం దూద్ పేడాల డబ్బ పట్టుకొని హోటలుకు వచ్చిండు. ఆడబిడ్డ పుట్టింది. మొదటి పేడా పర్వతాలు మామ నోట్లె పెట్టి, నలుగురి ముందట ఆయనకు ఒక మాట చెప్పాలని వచ్చిండు. పనికాడి నుంచి తిరిగొచ్చిన సంది ఆ మాట చెప్పుడు మిగిలే ఉన్నది. పర్వతాలు చెప్పనిస్తే గద! "మామా, నీ పుణ్యాన" అని నోరు తెరిస్తే సాలు, ఆయన ఇంకో కత ఎత్తుకుంటడు.

ఆ పొద్దు కతకు సందు టీవీ ఇచ్చింది. నేపాల్ సరిహద్దుల నది మీద కొత్త వంతెన తెరిచిన్రు, టోలు గేటు పెట్టిన్రు, పూలదండలేసిన కారొకటి మొట్టమొదట దాటింది అని చూపిస్తున్నరు. మన పాలమూరు మేస్త్రి గుంపుల పర్వతాలు, శ్రీశైలం ఇద్దరు పనికి పోయింది ఆ వంతెనకే.

"తప్పు," అన్నడు పర్వతాలు, సాసర్ల చాయ ఊదుకుంట. "మొదలు దాటింది నేను. టోలు లేదు, గీలు లేదు."

"నువ్వా?" అన్నడు వీరేశం. "ఈడ రోడ్డు దాటనీకె ఇంకొకల చెయ్యి పట్టుకుంటవ్."

ఇగ ఆగుతడా మనిషి?

"ఇను మరి. అటుకెల్లి సగం, ఇటుకెల్లి సగం కట్టుకుంట వచ్చినం. నడుమ కలిపే కాడ ఏమైందో ఎర్కేనా? జానెడు తక్కువ పడ్డది. ఇంజనీర్లు నెత్తికి చేతులు పెట్టుకున్నరు. నేను రుమాలు సుట్టి భుజాల మీదేసుకొని ఆ సందుల పోయి నిలవడ్డ. ఈ భుజం మీద మన దూలం, ఆ భుజం మీద వాళ్ల దూలం. కాంక్రీటు గట్టివడేదాంక కదల్లే. జొన్నరొట్టె గుడ ఎవరో నోటికందిచ్చిన్రు. మీదికెల్లి లారీలు పోతనే ఉన్నయ్."

"కాంక్రీటు ఆరకముందే లారీలా?" అన్నడు ఇస్రాయేలు.

"గందుకే గద భుజం నొచ్చింది!"

"మామా, లారీల ముచ్చట కాదు గని, ఆ పొద్దు నాకు..." అన్నడు శ్రీశైలం.

"నువ్వాగు. నీకేం కనవడ్డదని?"

శ్రీశైలం ఆగిండు. డబ్బ మూత మల్ల మూసిండు.

"ఇగ హద్దు కొట్లాట. మనది ఏ కాడ అయిపోతది, వాళ్లది ఏ కాడ మొదలైతది? రెండు దిక్కుల సార్లు టేపు పట్టుకొని గుంజుకుంటున్నరు. పర్వతాలును పిలువుండ్రి అన్నరు. పోయిన. ఎడమకాలు ఇటు, కుడికాలు అటు పెట్టి, నా నడుమే హద్దు, గీత కొట్టుకోండ్రి అన్న. కొట్టుకున్నరు. చిక్కు ఆడనే వచ్చింది. వాళ్ల గడియారం మనకంటె పావుగంట ముందు గద? కుడికాలుకు బువ్వయాల్ల అయింది, ఎడమకాలుకు కాలే. అది పోదాం పా అంటది, ఇది ఉండు ఇంక పొద్దున్నది అంటది. ఇప్పటికి సూడుండ్రి, నాకు కుడి మోకాలే నొస్తది. ఎడమదానికంటె వయసుల పెద్దది!"

హోటలంత నవ్వింది. పొయ్యి కాడ ఇస్రాయేలు చేతిల జల్లెడ ఊగిందట.

"గేటు పెట్టినంక పైసలు వసూలు జేయనీకె నన్నే కూసోవెట్టిన్రు. నేను ఊకె పోనిస్తనా? ఏనుగొస్తె ఏనుగు కాడ తీసుకున్న. కిందికెల్లి పోయే నదిని గుడ ఇడిచిపెట్టలే, దినాం ఒక చాప ఎగిరొచ్చి నా గంపల వడేది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఒకనాడు తెల్లారినా గేటు మీద ఎండ పడ్తలేదు. తల ఎత్తి సూద్దును గద, హిమాలయం! లేసొచ్చి లైన్ల నిలవడ్డది. ఎటు పోతవే అన్న. సముద్రంల కాళ్లు కడుక్కొని వస్త అన్నది. మంచిదే, టోలు కట్టు అన్న. చిల్లర లేదన్నది."

"ఫాస్టాగన్న లేకపోయెనా?" అన్నడు ఇస్రాయేలు.

"ఏడ అతికిస్తవయ్యా, అంత మంచే! వాపస్ పో అన్న. మస్తు బతిమిలాడింది. పోయింది. గందుకే ఇయ్యాల్టి దాంక అది ఆడనే ఉన్నది. నేనే లేకపోతే జడ్చర్లల మంచు వడుతుండె."

"నీ పేరు ఇని చుట్టమనుకొని వచ్చిందేమో," అన్నరు ఎవరో.

అప్పుడు వీరేశం లేసి తువ్వాల దులుపుకున్నడు. "కొండ సంగతి పక్కకు పెట్టు. నువ్వు ఆ వంతెన మొహం గుడ సూసి ఉండవ్. ఏ ఒడ్డు కాడనో మట్టి మోసి వచ్చి, మొదలు దాటిన అంటున్నవ్."

మల్ల నవ్విన్రు. ముందుగాల నవ్విన్రు కతకు. ఇప్పుడు మనిషిని సూసి నవ్విన్రు. ఆ ఫరకు శ్రీశైలం చెవులకు తెలిసింది. ఎప్పుడు మాటకు మాట ఎదురేసే పర్వతాలు సాసర్లకు సూస్కుంట కూసున్నడు.

"మామా," అన్నడు శ్రీశైలం, "కొండను వాపస్ పంపినవ్, మంచిగనే ఉన్నది. మరి గేటు కాడ జవాను కాళ్లు పట్టుకొని ఎందుకు ఏడ్సినవ్?"

"ఏయ్ శ్రీశైలం. మాట్లాడకు."

"ఇయ్యాల మాట్లాడ్త. కొండ రాలే, చాప ఎగరలే, ఈయన భుజం మీద ఏ దూలం లేదు. కాంక్రీటు పైపు పగిలి సిమెంటు నీళ్లు నా రెండు కండ్లల్ల పడ్డయ్. మంటకు నేను పొర్లుతుంటె ఈయన తాగే నీళ్ల క్యాన్లు తెచ్చి, ఒకటి అయినంక ఒకటి, కండ్లు కడిగిండు. మన దిక్కు దవాఖాన ఏడనో దూరం. అవుతల ఒడ్డు మీదనే కండ్ల దవాఖాన. వంతెన ఇంక కలవలే, నడుమ పలకలు ఏసి ఉన్నయ్, కింద నది. నన్ను ఉప్పుమూట లెక్క వీపుకెత్తుకొని ఆ పలకల మీదికెల్లి దాటిండు. నాకేం కనవడలే, ఈయన ఎగపోసుడు ఇనవడ్డది, అంతే. అవుతల కర్ర గేటు. వాళ్ల జవాను పోనియ్య అన్నడు. ఈయనకు ఆ భాష రాదు. ఎవరి ముందట తల వంచని మనిషి, కాళ్ల మీద పడి, 'పోరని కండ్లయ్యా, కండ్లు' అని మన తెలుగులనే ఏడ్సిండు. ఆ వంతెన మొదలు దాటింది ఈయనే. ఆ ఒక్క మాటల కోతలు లేవు."

శ్రీశైలం డబ్బ మూత మల్ల తీసిండు.

"నిన్న నా బిడ్డ మొహం సూసిన మామా. నన్నే సూస్తాంది. నువ్వు లేకపోతే నేను సూడకపోదును." అని పేడా తీసి ఆయన నోట్లె పెట్టిండు.

పర్వతాలు నమిలిండు. "చక్కెర తక్కువేసిండు," అన్నడు. రుమాలుతోని మూతి తుడుసుకొని, "నేను ఏడ్వలే. నాకు గుడ సిమెంటు వడ్డది."

ఈసారి ఎవరు నవ్వలే. వీరేశం మల్ల కూసున్నడట, ఇస్రాయేలు చెప్పిండు.

"గేటెత్తింది నేను గాదు, ఆ జవాను," అన్నడు పర్వతాలు. ఆయన గొంతు అంత చిన్నగ ఉండంగ అంతకుముందు ఎవరూ ఇనలే. "కొలువు పోతదని ఎర్కుండి ఎత్తిండు. తన సైకిలు మీద వీన్ని కూసోవెట్టుకొని దవాఖాన దాంక తొక్కిండు. నేను ఎనుక ఉరికిన. ఆయన వాపస్ పోయేటప్పుడు పేరన్న అడుగుదామనుకున్న. ఇన్ని మాటలు మాట్లాడేటోన్ని, నాకు నోరు రాలే."

ఇస్రాయేలు చెప్పింది ఇంతే. ఆ జవానుకు వీరేశం తోచిన పేరేదో పెట్టి ఊర్ల చెప్పుకుంట తిరుగుతున్నడట. వానికెట్ల ఎర్కైతది? ఉత్తదే. ఆ దిక్కు పనికి పోయే మనోళ్లు ఎవరన్న ఉంటె, గేటు కాడ జర అడిగి అసలు పేరు కనుక్కొని రాండ్రి. ఈ కతల ఆ పేరు జాగ నేను ఖాళీగ ఇడిచిపెట్టిన. నిజం పేరు తెలిసినోళ్లే ఆడ రాయుండ్రి.