గోల్‌కీపర్ ముఖం

వీడియో గేములకు బొమ్మలు గీసే అతని ఎదుట, చనిపోయిన గోల్‌కీపర్ భార్య కూర్చుంది. తెరమీది గేములో ఆమె భర్త పళ్ళతో లాగి గ్లవ్స్ బిగించుకుంటున్నాడు.

"సాయంత్రంలోగా ఆయన్ని మా గేములోంచి తీసెయ్యాలి చెల్లెమ్మా. ఫుట్‌బాల్ లీగువాళ్ళు పాత ఆటగాళ్ళతో సహా అందరి పేర్లూ, ముఖాలూ పదేళ్ళకి ఒకే పెద్ద గేముల కంపెనీకి రాసిచ్చేశారు."

"పాప బడినుంచి రాగానే వాళ్ళ నాన్నతోనే ఆడుతుంది అన్నయ్యా. పోనీ, వాళ్ళ గేములో ఉంటారుగా?"

"ఉండరమ్మా. ఇప్పుడు ఆడేవాళ్ళనే పెడతారట."

"మరి ఈయన ముఖం వాళ్ళకెందుకు?"

"ఇంకెవరూ పెట్టుకోకుండా."

ఆమె తెరమీది గ్లవ్స్ వైపు వేలు చూపించింది.

"అలా పళ్ళతో గ్లవ్స్ బిగించుకోవడం కూడా రాసిచ్చేశారా?"

అతను కాగితాలు తిరగేశాడు.

"లేదమ్మా. పేరూ, ముఖమే."

"అయితే ముఖం ఎవరిదైనా పెట్టండి. పాప పోల్చుకుంటుంది."