ఎలుకల వంతు

రాజాం. ఫార్మసీ కాలేజీలో ఎలుకల గది. ఎంఫార్మసీ చదివే గ్లోరీ, ఎలుకలకి మేత పెట్టే లక్ష్మణమ్మ.

"మళ్ళీ చూశాను లక్ష్మణమ్మా! రెండు బోన్ల ఎలుకల రక్తమూ ఒక్కలాగే ఉంది!"

"ఒక్కలాగుంటే మంచిదే కదమ్మా?"

"ఏటి మంచిది? ఒకటో బోనుకి ఇరవై రోజులు హార్మోను సూదేశాను. దాంతో కిడ్నీల మీదున్న అడ్రినల్ గ్రంథి రసం ఎక్కువ ఊరాలి. రెండో బోనుకి ఉత్త ఉప్పునీళ్ళ సూది, అవి మామూలుగుండాలి. ఆ తేడాయే నా థీసిస్! పదింటికి గైడు సారొస్తారు."

"కూకోమ్మా, కూకో."

"కూర్చోలేను. ఇక్కడికి పిల్లి గానీ వచ్చి అన్నిటినీ బెదరగొట్టిందా? బెదిరినా ఆ రసం ఊరుతుంది."

"పిల్లా! నానుండగానా?"

"మరి నువ్వేటైనా ముట్టుకున్నావా?"

"మేతెయ్యాలంటే ముట్టుకోనా?"

"అది కాదు. ఏ బోనువి ఆ బోన్లోనే ఉన్నాయా?"

"ముందు నీళ్ళు తాగమ్మా."

"లక్ష్మణమ్మా!"

"...వంతులేసినాను."

"వంతులేటి?"

"రోజూ ఆ ఒకటో బోన్లో అయిదు ఎలకలికేనా మందు? మూలకి పోయి వణుకుతంటే సూడలేకపోయినాను. ఉభాలప్పుడు నాట్లెయ్యడానికి జలగల మడిలోకి రోజూ ఒక్కదాన్నే దింపుతామేటి? ఇయాళ నువ్వు, రేపు నాను. అలాగే బోన్లు కడిగినప్పుడల్లా ఇటువి అటేసినాను."

"ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచే."

"ఓ ప్రభువా! ఇప్పుడు ఏది ఏ బోనుదో ఎలా తెలుస్తాది?"

"తోకలికి రంగు గుర్తులెట్టమన్నారు కదా సారు? నువ్వెట్టుంటే నాను మార్సినరోజే తెలిసిపోను."

"...రేపు పెడదాం, రేపు పెడదాం అనుకున్నాను. బోనుకి చీటీ ఉంది కదా అని..."

"ఎట్టీసినానని పుస్తకంలో రాసినావు. సారు సంతకం కూడా సేసినారు."

"అదిప్పుడెందుకు? మార్చింది నువ్వు! సార్‌కి అదే చెప్తాను. అనుమతులతో కలిపి ఆరు నెలలు పోయాయి నావి!"

"సెప్పీ. నా పని పోతే పోనీ, కూలికెల్తాను. నీ సదువు పోకూడదు."

"అలా అనకు! నన్ను తిట్టు, ఏటైనా అను..."

"అదుగో, సారు బండి. మొకం తుడుసుకో. నానే ఎదురెల్లి సెప్పేస్తాను."

"ఆగు... ఆగు లక్ష్మణమ్మా."

"ఏం గ్లోరీ, తేడా వచ్చిందా?"

"రాలేదు సార్. తోకలకి గుర్తులు పెట్టానని రికార్డులో రాశాను కదా... పెట్టలేదు సార్."